తప్పు కూడా తిరిగొస్తుంది

2017 జూన్‌లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం ఆఖరి రాత్రి, ప్రధాన వేదిక మీద బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ దాదాపు కార్యక్రమమంతా ఒంటరిగానే నడిపించాడు. చేతిలో గిటార్, కాళ్ల దగ్గర ఒక పెట్టె. వెనక డ్రమ్స్ లేవు, బేస్ గిటార్ లేదు, కోరస్ పాడేవాళ్లు లేరు. అయినా దరువు, బేస్, నాలుగైదు గొంతుల కోరస్ అన్నీ స్పీకర్లలోంచి వినపడుతూనే ఉన్నాయి. టీవీలో చూసినవాళ్లలో చాలామందికి అనుమానమొచ్చింది. ముందే రికార్డు చేసుకొచ్చిన ట్రాకు మీద పైపైన పాడేస్తున్నాడని సోషల్ మీడియాలో దుమ్మెత్తిపోశారు. అది లూప్ స్టేషన్ అనీ, వినిపించినవన్నీ అక్కడికక్కడ వాయించినవేననీ చివరికి అతనే చెప్పుకోవాల్సొచ్చింది. 2025 ఫిబ్రవరి 2న అదే తరహా సరంజామాతో రామోజీ ఫిల్మ్ సిటీలో కచేరీ చేశాడు. వారం తిరిగేసరికి బెంగళూరులో గాయని శిల్పారావుతో కలిసి ‘దేవర’ సినిమాలోని ‘చుట్టమల్లే’ పాడితే మన ఫోన్లన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. తెలుగు ఎలా పలికాడన్నదే అందరి ముచ్చటా. కాలి కింది పెట్టె ఏం చేస్తోందని అడిగినవాళ్లు తక్కువ.

ట్రాకు మీద పాడుతున్నాడన్న ఆ అనుమానానికి మనవైపూ కారణాలు లేకపోలేదు. పెళ్లి రిసెప్షన్లలో, కాలేజీ ఫంక్షన్లలో, విదేశీ తెలుగు సంఘాల వేడుకల్లో ట్రాకు పెట్టి పాడే పద్ధతి ఎంత పాతుకుపోయిందంటే, వేదిక మీద తీగలూ బటన్లూ కనిపిస్తే చాలు, మోసమేదో జరుగుతోందనుకోవడం మనకు అలవాటైంది. లూపింగ్ కళాకారుణ్ని మెచ్చుకునేవాళ్లు కూడా ఇంకో పొరపాటు చేస్తారు. ‘ఒక్కడే పదిమంది పని చేస్తున్నాడు’ అంటారు. సర్కస్‌లో సైకిల్ తొక్కుతూ పళ్లేలు తిప్పేవాడికి చెందాల్సిన పొగడ్త అది. యంత్రం ఇతని పనిని తగ్గించలేదన్న మాట నిజమే, కానీ పదిరెట్లు పెంచిందన్నదీ సరికాదు. అది చేసిందల్లా ఒకటే: మామూలుగా ఇంట్లోనో స్టూడియోలోనో గుట్టుగా జరిగిపోయే పనిని, అంటే పాటను పొరలు పొరలుగా కట్టడాన్ని, వేలమంది ఎదుట పెట్టింది. దిద్దుకోవడానికి వ్యవధి మాత్రం ఇవ్వలేదు.

కాలి కింది ఆ పెట్టె, అంటే లూప్ పెడల్, చేసే పని వింటే చాలా చిన్నది. ఒకసారి తొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. రెండోసారి తొక్కితే అప్పటిదాకా వాయించిన ముక్క ఆగకుండా మళ్లీ మళ్లీ మోగుతుంది. దాని మీద ఇంకో పొర కలపొచ్చు, ఆ రెంటి మీద మరొకటి. గిటార్ పొట్ట మీద మణికట్టుతో గుమ్మనే ఒక దెబ్బ, అంచు మీద వేళ్లతో టకటకా రెండు చిన్న దెబ్బలు, అది దరువు. అది తిరుగుతుండగా లావు తీగల మీద నాలుగు స్వరాల బేస్. తర్వాత తీగలన్నీ కలిపి మీటే కార్డ్స్. ఆ పైన నోటితో ‘ఊ’ అని ఒక రాగం, దానికి మూడో స్వరంలో ఇంకో గొంతు. రెండు నిమిషాల్లోపు బృందం తయారు. ఇక్కడిదాకా చూసినవాళ్లకు ఇది తేలికైన ఇంద్రజాలంలాగే ఉంటుంది. అసలు కష్టం ఆ రెండో తొక్కులో ఉంది.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 120 దెబ్బల వేగంలో పాట నడుస్తోందనుకుంటే, 16 దెబ్బల ముక్క సరిగ్గా 8 సెకన్లు. మన భాషలో రెండు ఆదితాళ ఆవర్తనాలు. ఆ ముక్కను మూసేయడానికి కాలు పడాల్సింది మూడో ఆవర్తనం సమం మీద. సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైందంటే, ప్రతి చుట్టు చివరా ఆ కాస్త జాగా కుంటుతూనే ఉంటుంది. పక్కన విడిగా ఒక డ్రమ్ మెషిన్ నడుస్తుంటే మరీ ఘోరం: చుట్టుకు ఇరవయ్యో వంతు చొప్పున పది చుట్లలో అర సెకను పేరుకుంటుంది. ఆ వేగంలో అర సెకనంటే పూర్తిగా ఒక దెబ్బ. రెండు దరువులూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మామూలు కచేరీలో గాయకుడు ఒకచోట తడబడితే మృదంగం సర్దుకుంటుంది, వయొలిన్ కప్పిపుచ్చుతుంది, శ్రోత మరుక్షణం మరిచిపోతాడు. లూపులో ఆ వెసులుబాటు లేదు. ఎనిమిది సెకన్లకోసారి ఆ తప్పు తిరిగొచ్చి పలకరిస్తుంది. అపశ్రుతి పలికిన ఒక్క స్వరం పాటంతా అక్కడే, అదే గొంతుతో, అదే సిగ్గులేనితనంతో కూర్చుంటుంది.

ఇప్పటి యంత్రాలు దిద్దుతాయి కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. దిద్దుతాయి. కాలు కాస్త ముందూ వెనకా పడినా ముక్కను దగ్గరి దెబ్బకు సర్దే సౌకర్యం చాలా పెడళ్లలో ఉంది. చివరి పొరను తీసేసే బటన్ కూడా ఉంది. కానీ సర్దుబాటు చక్కదిద్దేది ముక్క అంచుల్ని మాత్రమే. మధ్యలో వాయించినవాడి లయ ఊగిసలాడితే ఆ ఊగిసలాట అలాగే ఉండిపోతుంది. పొరను తీసేస్తే అది మాయమవడం సభంతా వింటుంది. దాన్ని మళ్లీ వాయించాలంటే ఇంకో ఎనిమిది సెకన్లు జనం ముందు ఖర్చుపెట్టాలి. మంచి లూపర్ తప్పు దొర్లితే ఏం చేస్తాడో గమనించండి. ఆ తప్పుడు దెబ్బ పడే చోటే ఇంకో దెబ్బ జతచేసి, దాన్ని కావాలని వేసిన ఎదురుదరువులా మార్చేస్తాడు. ఆ క్షణంలో అతను సంగీతకారుడో, బటన్లు నొక్కేవాడో తేలిపోతుంది.

కాలి పట్టు సగమే. మిగతా సగం ముందుచూపు. పాట చివర్లో వచ్చే కోరస్‌కు కావాల్సిన గొంతుల్ని చరణానికి ముందే వేసి దాచుకోవాలి. బేస్ ఎక్కువ నింపితే తర్వాత పల్లవిలో గొంతుకు చోటుండదు. మెలికల ముగ్గులో ముందు పెట్టే చుక్కల్లాగే, మొదటి పొరలు చూడ్డానికి అర్థంపర్థం లేకుండా ఉంటాయి, కానీ చివరి గీత ఎక్కడికి చేరాలో అవే శాసిస్తాయి. పైగా ఈ కట్టుబడి జరుగుతున్నంతసేపూ జనం విసుక్కోకూడదు. 2004లో బీబీసీలో జూల్స్ హాలండ్ నిర్వహించే కార్యక్రమానికి రావాల్సిన ర్యాపర్ నాజ్ రాలేకపోతే, ఆఖరి నిమిషంలో స్కాట్లండ్ గాయని కేటీ టన్‌స్టల్‌కు కబురు వెళ్లింది. అప్పటికి ఆమె పెద్దగా ఎవరికీ తెలియదు. బృందం లేదు, అకాయ్ కంపెనీ పెడల్ ఒకటుంది. గిటార్ మీద చరిచిన దరువు, కంజరలాంటి టాంబరిన్, రెండు ‘ఊ హూ’లు, ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పేర్చి ఆ మీద పాడింది. ఆ ఒక్క పాటతో ఆమె పేరు మోగిపోయింది. మంచి పాట కావడం ఒక కారణం. పాట పుట్టడాన్ని జనం తమ కళ్లతో చూడటం రెండోది. కట్టడమే కథగా మారింది. చెలో వాద్యకారిణి జోయీ కీటింగ్ ఇంకో దారిలో వెళ్లింది. 2004లో వచ్చిన ఆమె తొలి రికార్డు పేరులోనే ఒక చెలో ఇంటూ 16 అన్న లెక్క ఉంది. వేదిక మీద ఆమె చేతులు రెండూ వాద్యానికే అంకితం. పొరల్ని తెరవడం, మూయడం, దాచడం అంతా కాళ్ల పనే.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు, పుట్టిన చోటు కూడా సోమరుల అడ్డా కాదు. 1963లో పారిస్‌లో ‘ది గిఫ్ట్’ అనే నాటకానికి సంగీతం కూరుస్తున్న అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ, ట్రంపెట్ విద్వాంసుడు చెట్ బేకర్ బృందం వాయించిన ముక్కల్ని తిప్పి తిప్పి వినిపించాలనుకున్నాడు. ఫ్రెంచి రేడియో ఇంజినీరొకాయన రెండు టేప్ రికార్డర్లను ఎడంగా పెట్టి, ఒకే టేపును రెంటి గుండా లాగాడు. మొదటిది రికార్డు చేస్తుంది, కాసేపటికి రెండోది దాన్ని వినిపిస్తుంది, వినిపించింది తిరిగి మొదటిదానికి చేరుతుంది. ఆ ‘కాసేపు’ ఎంతో యంత్రాల మధ్య దూరమే తేలుస్తుంది. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడిచేదైతే 95 సెంటీమీటర్ల ఎడానికి 5 సెకన్లు. వాయించేవాడు తన లయను గదిలో పరిచిన టేపు పొడవుతో సరిపెట్టుకోవాలి. ఇదే రైలీ 1970లో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడై, 1996లో గురువు కన్నుమూసేదాకా నేర్చుకుంటూనే ఉన్నాడు. ఒక్క శ్రుతి మీద తంబురా గంటల తరబడి తిరుగుతుంటే విసుగు పుట్టని సంగీత సంప్రదాయానికి అతను చేరడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. 1973లో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో ఆ రెండు రికార్డర్ల పద్ధతితోనే ఆల్బమ్ తెచ్చారు. 1979లో ఫ్రిప్ ఆ భారీ యంత్రాల్ని వెంటేసుకుని రికార్డు షాపుల్లో, రెస్టారెంట్లలో కూర్చుని వాయించాడు. ఆ తర్వాతి కథ పెట్టె చిక్కిపోవడం, ధర దిగడం: 1994లో లెక్సికన్ జామ్‌మ్యాన్, 2001లో బాస్ కంపెనీ కాలి పెడల్ ఆర్‌సీ 20, 2013లో బల్ల మీద పెట్టుకునే అయిదు ట్రాకుల ఆర్‌సీ 505. ఈ చివరిది నోటితో దరువులు వేసే బీట్‌బాక్సర్లకు ఆస్థాన వాద్యమైంది.

తెలుగు నేల మీద ఒక్క మనిషి అనేక లయల్ని మోయడం వింతేమీ కాదు. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు, 1864లో పుట్టి 1945లో వెళ్లిపోయిన ఆ హరికథా పితామహుడు, రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో అయిదు వేర్వేరు తాళాలు ఏకకాలంలో చూపి ‘పంచముఖీ పరమేశ్వర’ బిరుదు పొందాడు. ఈ ఉదాహరణ లూపింగ్‌ను సమర్థించడానికి పనికొస్తుందని పైకి అనిపిస్తుంది. నిజానికి లూపర్ల మీద ఉన్న గట్టి ఆక్షేపణ దీన్లోంచే పుడుతుంది. దాసుగారు అయిదూ ఒకే క్షణంలో చేశారు. లూపర్ ఒకదాని తర్వాత ఒకటి చేసి, యంత్రం చేత ఒకేసారి మోయిస్తున్నాడు. దీన్ని కాదనలేం. శరీరం మీద అధికారమే కొలమానమైతే పెడల్ వాయించేవాడు ఆ పీఠం దరిదాపులకు కూడా రాడు. అందుకే అతన్ని ఆ తూకంతో తూచకూడదు. అతను చూపిస్తున్నది కూర్పు. స్వరకర్త చేసే పనిని గాయకుడి వేదిక మీద, గాయకుడి కాలంలో చేస్తున్నాడు. దాసుగారిని మెచ్చుకున్న చెవి లయను పట్టుకుంటే చాలు. ఇక్కడ చెవి ముందు వెళ్లి కూర్చోవాలి: ఈ పొర ఎందుకు వేశాడు, దేనికోసం ఖాళీ ఉంచాడు, ఎప్పుడు తీసేస్తాడు? తీసేయడం వేయడం కంటే కష్టం. ఎనిమిది పొరలు గలగలా మోగుతున్నప్పుడు ఏడింటిని ఒక్కసారిగా ఆపి ఒక్క గొంతును బయటపెట్టాలంటే ధైర్యం కావాలి. కొత్తవాళ్లు పేర్చుకుంటూ పోతారు, చివరికి అంతా రొద అవుతుంది.

తీగలూ కరెంటూ ఉంటే అది వాద్యమే కాదనే మాటకు ఎక్కువ సేపు జవాబు చెప్పనక్కర్లేదు, చరిత్రే చెప్పింది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. గమకాలు పలకదు, విదేశీ పెట్టె అన్నారు. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ముప్ఫై ఏళ్లూ మన పద్యనాటకాలు ఆ పెట్టె లేకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదన్నది వేరే సంగతి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చిన్న ఎలక్ట్రిక్ వాద్యంతో కర్ణాటక కచేరీ మొదలుపెట్టినప్పుడూ పెదవి విరిచినవాళ్లున్నారు. ఇవాళ తంబురా మోసుకొచ్చే ఓపిక లేని విద్వాంసులు సైతం ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఆన్ చేసి నిశ్చింతగా పాడుతున్నారు. ఆ పెట్టె ఒక లూపే! బొంబాయి సినిమా సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాలు ముందేసుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి ఆల్బమ్ చేస్తే ఎవరూ కొనలేదు. 2010లో అది మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం తెల్లబోయి విన్నది, ఆయన వృద్ధాప్యంలో విదేశాలకు వెళ్లి కచేరీలు చేశారు. కొత్త వాద్యాన్ని కాదనడానికి మనం వెతికే కారణాలు సాధారణంగా ఓ ముప్ఫై ఏళ్లకు మించి బతకవు.

యంత్రం వినదు అన్న ఆక్షేపణ మాత్రం అలా కొట్టిపారేయదగ్గది కాదు, దాన్ని ఒప్పుకునే తీరాలి. గాయకుడు కల్పన స్వరాల్లో కొత్త మెలిక తిప్పితే మృదంగ విద్వాంసుడు విని, నవ్వి, దాన్ని రెట్టించి తిరిగిస్తాడు. ఆ ముచ్చట లూపులో లేదు. పెడల్‌కు నిన్ను అనుసరించడం తెలియదు, నువ్వే దాన్ని అనుసరించాలి. వేగం పెంచుదామనిపిస్తే పెంచలేవు, ఒక స్వరం మీద కాసేపు నిలబడదామంటే చుట్టు ఆగదు. స్వరస్థానాలు కూడా ఒక గానుగకు కట్టుబడిపోతాయి. నాలుగు కార్డ్స్ తిరిగే పాప్ పాటలు లూపర్లకు అంతగా నచ్చడానికి కారణం ఇదే. పాట నడకలో మలుపులెక్కువైతే వాళ్లకు చేతులు కట్టేసినట్టుంటుంది. లూపింగ్ కచేరీల్లో చాలా భాగం మూడో పాటకల్లా ఒకేలా వినపడతాయన్నది నిజం. కాబట్టి ఈ రంగంలో మంచి చెడ్డల్ని విడదీసే గీత ఇక్కడే గీయాలి: చుట్టును లొంగదీసుకున్నవాళ్లెవరు, చుట్టుకు లొంగిపోయినవాళ్లెవరు? వయొలిన్, ఈలపాట కలిపి వాయించే ఆండ్రూ బర్డ్ లూపును కావాలనే వదులుగా ఉంచి, దాని మీద తన రాగాన్ని వెనక్కీ ముందుకూ లాగుతాడు. యంత్రం మొండితనం నేపథ్యమవుతుంది, దాని ముందు మనిషి స్వేచ్ఛ మరింత స్పష్టంగా వినబడుతుంది. తాళం బిగుసుకుని ఉన్నప్పుడే కదా, తని ఆవర్తనంలో గతులతో ఆడుకోవడానికి అర్థం ఉండేది.

లూపర్ పదిమంది వాద్యకారుల పొట్ట కొడుతున్నాడన్న ఆరోపణలో బాధ ఉంది, దాన్ని వెటకారం చేయడం తగదు. 1982లో బ్రిటన్ సంగీతకారుల సంఘం సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లను, డ్రమ్ మెషిన్లను నిషేధించాలని తీర్మానించింది. తీర్మానం నవ్వులపాలైంది, కానీ భయం ఉత్తిది కాదు. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వరసల్లో కూర్చున్న వయొలిన్ వాద్యకారుల పని తర్వాతి రోజుల్లో కీబోర్డుల్లోకి, కంప్యూటర్లలోకి ఎలా వెళ్లిపోయిందో మనకు తెలుసు. అయితే ఆ నష్టం జరిగింది మూసిన తలుపుల వెనక, ముందే తయారుచేసిన శబ్దాలతో. వీధిలో పెడల్ పెట్టుకుని వాయించేవాడి దగ్గర ఎవరి జీతమూ ఎగ్గొట్టే స్థోమత లేదు. బృందాన్ని పోషించలేకే అతను ఒంటరి అయ్యాడు. లండన్ వెంబ్లీ స్టేడియంలో 2015 జులైలో మూడు రాత్రులు ఒంటరిగా వాయించే స్థాయికి చేరిన షీరన్‌ను మాత్రం ఆ ప్రశ్న అడగొచ్చు. 2022 యాత్రలో కొన్ని పాటలకు బృందాన్ని తెచ్చుకున్నాడు గనుక, సగం జవాబు అతనే చెప్పినట్టైంది.

ఇక మిగిలిన ఆక్షేపణ, వేదిక మీద ఏం జరుగుతోందో కనపడకపోవడం. ల్యాప్‌టాప్ వెనక తల వంచుకున్న మనిషి శబ్దం తయారుచేస్తున్నాడో, మెయిల్ చూసుకుంటున్నాడో సభకు తెలియదు. ఇది శ్రోతల అజ్ఞానం కాదు, కళాకారుల బాధ్యత. వాళ్లలో కొందరు దీన్ని ముందే గుర్తించారు. వేదిక మీదే ప్రోగ్రాం రాస్తూ సంగీతం పుట్టించే లైవ్ కోడర్లు 2004లో జర్మనీలోని హాంబర్గ్‌లో టాప్‌ల్యాప్ అనే కూటమి కట్టుకున్నారు. రాస్తున్న ప్రతి అక్షరాన్నీ వెనక తెర మీద జనానికి చూపించాలన్నది వాళ్ల మొదటి నియమాల్లో ఒకటి. బ్రిటిష్ గాయని ఇమోజెన్ హీప్ అయితే సెన్సార్లు కుట్టిన చేతి తొడుగులు తయారుచేయించింది. పిడికిలి బిగిస్తే లూపు పట్టుకుంటుంది, చెయ్యి పైకెత్తితే శబ్దం మారుతుంది. ఏ శబ్దం ఏ కదలికతో పుట్టిందో ఆఖరి వరసలోనివాళ్లకీ తెలుస్తుంది. మన ఊళ్లలో లూపింగ్ కచేరీలు పెట్టే నిర్వాహకులకు ఇంత ఖర్చు అక్కర్లేదు. వేదికకు అటూ ఇటూ నిలబెట్టే ఎల్‌ఈడీ తెరల్లో ఒకటి ఎప్పుడూ గాయకుడి ముఖానికే కేటాయిస్తారు, రెండోదాంట్లోనూ ఆ ముఖమే. ఆ రెండో తెరకు ఒక కెమెరాను నేల మట్టంలో, పెడల్ ఎదురుగా పెడితే సరిపోతుంది. కాలు ఎప్పుడు పడిందో, సమం మీద పడిందో లేదో జనమే లెక్కపెట్టుకుంటారు.